నానని నానో

"ఆటోలు చూడనీకి ఢిల్లీ దాక పోవాల్నా సారూ? కామారెడ్డి బస్టాండుల లేవా?" అని అడిగాడు మా ఊరి కిరాణా దుకాణదారుడు. 2008 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో ఆటో ఎక్స్‌పో చూడటానికి రామారెడ్డి నుండి బయలుదేరుతున్నానని చెప్పినప్పటి మాట ఇది. ఛందస్సు చెప్పుకునే తెలుగు పండితుడికి కార్ల పిచ్చి ఏమిటని మా బడిలో తోటి ఉపాధ్యాయులకూ వింతగానే ఉండేది. పత్రికల్లో వచ్చిన కార్ల బొమ్మలు కత్తిరించి పాత హాజరు పట్టీల్లో అతికించుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుండి నా అలవాటు. స్టీరింగు మాత్రం అప్పటికి ఒక్కసారీ పట్టినవాణ్ణి కాను. మా వాహనం బజాజ్ చేతక్. ముందు నిలబడేది చిన్నది, వెనుక మా ఆవిడ, మధ్యలో పిల్లవాడు.

సికింద్రాబాదులో ఎ.పి. ఎక్స్‌ప్రెస్ (నేటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్) ఎక్కి ఢిల్లీలో దిగేసరికి ఎముకలు కొరికే చలి. ప్రగతి మైదానంలో మొదట విదేశీ కార్ల వైపే నడిచాను. దీపాల కింద నిగనిగలాడుతున్న ఆ బళ్లను చూస్తే ప్రబంధ నాయికలు గుర్తుకొచ్చారు. ఆపాదమస్తకం వర్ణించవచ్చు, మన ఇంటికి మాత్రం రారు. గంటలోనే విసుగు పుట్టింది.

జనమంతా టాటా వారి మండపం వైపు పోతున్నారు. జనవరి 10న రతన్ టాటా ఆవిష్కరించిన నానో అక్కడ ఉంది. మన జాతరలో రథం దగ్గర జరిగే తోపులాటే అక్కడా జరిగింది. చాలాసేపటికి ఇద్దరి భుజాల నడుమ నుండి దర్శనమైంది. మొదట కంటబడ్డది చక్రం. దానికి మూడే బోల్టులు. తలెత్తితే అద్దానికి ఒక్కటే వైపరు. 624 సీసీ ఇంజను వెనుక సీటు కింద దాగి ఉంది. డిక్కీకి బయటి నుండి తలుపే లేదు. బయటి కొలతలో మారుతి 800 కంటే పొట్టిదైనా లోపల జాగా దానికంటే ఎక్కువ. వామనుడే! పెట్రోలు ఎక్కడ పోస్తారో ఎంత వెదికినా కనబడలేదు. ముందు బానెట్టు ఎత్తి పోయాలని తర్వాత తెలిసింది.

నా పక్కన తలపాగా చుట్టిన ఒక పెద్దాయన, భార్యను ముందుకు నెట్టి, "నలుగురం పడతామా?" అని హిందీలో అడుగుతున్నాడు. అంతకుముందు చూసిన మండపాల్లో ఎవరూ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. వానలో స్కూటరు మీద తడుస్తూ పోతున్న కుటుంబాలను చూసి రతన్ టాటాకు ఈ ఆలోచన కలిగిందని పత్రికల్లో చదివే ఉన్నాను. ఆ మాట అక్కడ నిలబడ్డాక తగిలింది. గుజరాతీలో 'నానో' అంటే చిన్నది అని అర్థమట. తెలుగులో నానడమంటే తడిసి ముద్దవడం. మనుషులు నానకూడదని పుట్టిన బండికి నానో అని పేరు!

ధర లక్ష రూపాయలు. పన్నులూ రవాణా కలపక ముందు మాట అది. లోకం దాన్ని 'లక్ష కారు' అంది. ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. 'లక్ష కారు' అన్న మాటకు అభిధ ధర మాత్రమే. వ్యంజనలో మాత్రం 'ఇంతకు మించి కొనలేనివాడి కారు' అని ధ్వనించింది. సింగూరు గొడవతో కర్మాగారం గుజరాతులోని సాణందుకు తరలింది, కొన్ని బళ్లు అంటుకున్నాయని వార్తలొచ్చాయి. ఇవన్నీ నిజమే కానీ, ఆ బండిని ఎక్కువగా దెబ్బతీసింది ఈ ధ్వనేనని నా అభిప్రాయం. చౌక కారన్న ముద్ర పడటం చేటు చేసిందని రతన్ టాటా కూడా తర్వాత అన్నారు. 2018 జూన్ నెల మొత్తంలో తయారైంది ఒకే ఒక్క నానో. 2024 అక్టోబరులో ఆయనా వెళ్లిపోయారు.

నేను 2012లో కామారెడ్డిలో పాతది ఒకటి కొన్నాను. కాలభైరవస్వామి గుడి ముందు కొబ్బరికాయ కొట్టించి, యాభై దాటిన వయసులో బండి నడపడం నేర్చుకున్నాను. 2016లో మావాడి పెళ్లిచూపులకు నిజామాబాదు బయలుదేరుతుంటే మా బావమరిది అడ్డుపడ్డాడు. "బావా, నానోల పోతే ఆళ్లు ఏమనుకుంటరు? ఇన్నోవా కిరాయికి మాట్లాడుదాం." మావాడు నేల చూపులు చూస్తున్నాడు. వాడికీ అదే ఉందని అర్థమైంది. పెళ్లి వాడిది కదా, సరే అనబోయాను.

"స్కూటరు మీద పిల్లలు తడిసినప్పుడు ఎవరన్న ఏమన్న అనుకున్నరా తమ్మీ?" అంటూ మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. పిల్లలిద్దరూ వెనుక ఎక్కారు. బావమరిది బస్సులో వచ్చాడు.

అక్కడ అమ్మాయి తండ్రి ఎదురొచ్చి నమస్కారం పెట్టి, మమ్మల్ని లోపలికి పిలవకుండానే బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మావాడి ముఖం పాలిపోయింది. ఆయన వంగి అటూ ఇటూ చూసి, "బావగారూ, దీంట్ల పెట్రోలు ఎక్కడ పోస్తరు?" అని అడిగాడు. నేను బానెట్టు ఎత్తి చూపించాను.