ఐసు దిమ్మా రాళ్లుప్పూ

మా తాతయ్యగారింట్లో ఐస్‌క్రీం పని ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. పాలతో కాదు, బకెట్టుతో. అది చెక్క బకెట్టు. నిలువు పలకలు పేర్చి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి చేసినది. ఏడాది పొడుగునా అటక మీద పడి ఎండిపోయి, పలకల సందుల్లోంచి వెలుతురు కనిపించేది. నూతి గట్టు పక్కన తొట్టిలో రాత్రంతా ముంచి ఉంచితే చెక్క ఉబ్బి సందులు మూసుకుపోయేవి. నానకపోతే మర్నాడు ఉప్పునీళ్లు వసారా అంతా పారేవి.

కాకినాడ, 1970ల నాటి మాట. వేసవి సెలవులకి పిల్లలందరం అక్కడే చేరేవాళ్లం. ఆ మిషను తాతయ్య దుకాణంలో కొన్నది కాదు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు కంపెనీ దొర ఊరు వదిలిపోతూ సామాను వేలం వేస్తే, రెండు కుర్చీలతో పాటు పాడి తెచ్చారట. కుర్చీల కోసమే వెళ్లాననీ, ఇది అంటగట్టారనీ అనేవారు. బకెట్టు మధ్యలో తగరపు పూత పూసిన పొడుగాటి డబ్బా నిలబడుతుంది. దాని లోపల తెడ్డు, పైన అడ్డంగా పళ్ల చక్రాలు, పక్కన తిప్పడానికి పిడి. పిడి తిప్పితే డబ్బా ఒకవైపు, తెడ్డు ఇంకోవైపు. తెడ్డు అంచున చెక్క రెక్కలుండి, డబ్బా గోడకి అంటుకున్న మీగడని గీకుతూ తిరిగేవి. ఇలాంటి చేతిమిషనుకి 1843లో పేటెంటు తీసుకున్నది నాన్సీ జాన్సన్ అనే అమెరికా ఆవిడ అని నాకు పెద్దయ్యాక తెలిసింది. అంతకు ఏడాది ముందే మద్రాసు సముద్రపొడ్డున ఐస్ హౌస్ కట్టారు, అమెరికాలో చలికాలం చెరువుల మీద కోసిన ఐసుని ఓడల్లో తెచ్చి దాచడానికి.

మాకా బాధ లేదు. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉండేది. అది చేపల కోసం. మనకి కావాలంటే సగం దిమ్మ కోసి ఇచ్చేవారు. ఊక చల్లి, గోనెపట్టాలో చుట్టి, రిక్షాలో వేసుకుని ఎప్పుడూ ఒకతనే తెచ్చేవాడు. ఒకసారి చిన్న మావయ్యతో పాటు నన్నూ ఎక్కించుకుని తీసుకెళ్లాడు. లోపలికి అడుగు పెట్టగానే అమ్మోనియా ఘాటుకి కళ్లు మండాయి. నేలంతా చెక్క మూతలే. ఒక మూత ఎత్తి చూపించాడు. కింద పెద్ద తొట్టి, దాని నిండా నల్లగా ఉప్పునీళ్లు, అందులో వరసగా దించిన రేకు డబ్బాలు. డబ్బాల్లో మంచినీళ్లు గడ్డకట్టి ఉన్నాయి, చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

“అవెందుకు గడ్డ కట్టలేదు?” అన్నాను.

“ఉప్పు కట్టనివ్వదు బాబూ,” అన్నాడు.

మావయ్య పి.ఆర్. కాలేజీలో బీయస్సీ చదివేవాడు. దారి పొడుగునా మిగతాది చెప్పుకొచ్చాడు. వట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పంచదార కలిపిన పాలు సున్నా దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందకి దిగాలి. ఐసు మీద ఉప్పు పడితే అది కరగడం మొదలుపెడుతుంది, కరగడానికి వేడి కావాలి, ఆ వేడిని డబ్బాలో పాల దగ్గర లాక్కుంటుంది. ఉప్పూ ఐసూ సరిపాళ్లలో కుదిరితే మైనస్ 21 దాకా దిగుతుంది. బకెట్టులో అంత దిగదు, పది పన్నెండు దిగినా మన పని అయిపోతుంది. ఇంత తెలిసినవాడూ ఉప్పు దగ్గర పిసినారే. గుప్పెడు గుప్పెడు చల్లేవాడు. మేం చేతులు పడిపోయేలా తిప్పుతున్నా లోపల పాలు పాలలాగే ఉండేవి. రిక్షా అతను అరుగు మీద కూర్చుని చూసి చూసి, “ఉప్పు సాలదండి బాబుగారూ. ఇంకో ముంతెయ్యండి” అనేవాడు. అతని లెక్క ఒకటే: నాలుగైదు ముంతల ఐసుకి ముంతెడు రాళ్లుప్పు, ఒక వరస ఐసు, ఒక వరస ఉప్పు. మొదట్లోనే దండిగా గుమ్మరిస్తే పాలు గోడ దగ్గర గబుక్కున బిగుసుకుని పలుకులు పలుకులుగా వస్తుందని కూడా అతనే చెప్పాడు. మావయ్య పుస్తకంలో ఆ ముక్క లేదు.

ఐసు పగలగొట్టడం గోనెసంచిలో పెట్టి రోకలితో. పాలు అమ్మ కాచేది. గేదెపాలు, చిక్కబడేదాకా. చల్లారాక చిన్న రసాలు పిండి కలిపేది. తియ్యదనం నాలిక్కి ఎక్కువే అనిపించాలి, చల్లబడ్డాక సగం తగ్గుతుంది. డబ్బా మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. తెడ్డు తిరిగేకొద్దీ గాలి చేరి పొంగుతుంది.

కస్టర్డ్ పౌడరు దగ్గర పెద్ద గొడవే నడిచింది. అందులో కోడిగుడ్డు ఉంటుందని అమ్మమ్మ అనుమానం. గుడ్డు పడని భార్య కోసమే బర్డ్ అనే ఇంగ్లీషాయన మొక్కజొన్న పిండితో ఆ పౌడరు కనిపెట్టాడని మావయ్య ఎంత మొత్తుకున్నా, “వాడి పెళ్లాం సంగతి నాకెందుకురా” అని తీసిపారేసింది. ఐసు మీద ఇంకో అభ్యంతరం: చేపల ఫ్యాక్టరీది. ఐసు డబ్బా బయటే ఉంటుంది, లోపలికి చుక్క కూడా పోదని తాతయ్య వాదన. బకెట్టు గోడకి పైన ఒక కన్నం ఉండేది. నీళ్లు మూతదాకా రాకుండా అందులోంచి కారిపోవాలి. ఐసు ముక్క అడ్డుపడి అది మూసుకుందా, ఉప్పునీళ్లు మూత సందులోంచి లోపలికి దిగుతాయి. ఒక వేసవిలో సరిగ్గా అదే జరిగింది. డబ్బాడు రసాల ఐస్‌క్రీం, నోట్లో పెడితే ఊరగాయ. అమ్మమ్మ ఒక్క మాట అనలేదు, తాతయ్య వంక చూసిందంతే. ఆ తర్వాత కన్నంలో పుల్లపెట్టి కెలికే ఉద్యోగం తాతయ్యే తీసుకున్నారు. కస్టర్డు లేకుండా వట్టి పాలూ ఏలక్కాయలతో చేసిన రోజు మాత్రం అమ్మమ్మ తిన్నది. పిల్లల కంటే ఎక్కువే తిన్నది.

తిప్పడానికి వరస ఉండేది. మొదట పిడి తేలిగ్గా తిరుగుతుంది, కాబట్టి చిన్నవాళ్లు. బరువెక్కేకొద్దీ పెద్దవాళ్లు. బకెట్టు గెంతకుండా పైన గోనె మడతపెట్టి ఒకణ్ణి కూర్చోబెట్టేవారు. వాడు రెండు నిమిషాలకే అడుగు గడ్డకట్టిందని గోలపెట్టి దిగిపోయేవాడు. వేళ్ల మీద గీరుకుపోయిన చోట ఉప్పునీళ్లు తగిలితే ప్రాణం లేచొచ్చేది. అరగంట దగ్గరకొచ్చేసరికి చక్రాల చప్పుడు మారేది. గలగల పోయి కరకరలాడేది. అప్పుడు మావయ్య పిడి అందుకుని ఇంకాసేపు బలవంతాన తిప్పి, ఇక లాభం లేదనుకున్నాక ఆపేవాడు.

మూత తుడవడం అమ్మ ఒక్కతే చేసేది, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పొడి గుడ్డతో చుట్టూ మూడుసార్లు తుడిచి, అప్పుడు తీసేది. తెడ్డు పైకి లాగి, దానికి అంటుకున్నదంతా ఒక గ్లాసులోకి గీకి, ముందు రిక్షా అతనికి పంపేది. మాకు ఒళ్లు మండేది. డబ్బాకి మళ్లీ మూతపెట్టి, మూత మధ్య కన్నానికి గుడ్డ కుక్కి, ఈసారి ఉప్పు కాస్త ఎక్కువేసి, గోనెలు కప్పి గంటన్నర వదిలెయ్యాలి. అప్పుడు గానీ గరిటెకి నిలవదు. ఆ గంటన్నర మా అందరికీ శిక్ష. మిగిలిన ఉప్పునీళ్లు మాత్రం కొబ్బరిచెట్టు మొదట్లోకి. మల్లెపాదు దగ్గర పోస్తే అమ్మమ్మ ఊరుకోదు.

తర్వాత కొన్నాళ్లకి ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. ఒంటి తలుపుది, పైన చిన్న ఫ్రీజరు. అవే పాలు, అవే రసాలు గిన్నెలో పోసి రాత్రి లోపల పెట్టింది అమ్మ. కలిపేవాళ్లు లేరు, గడ్డకట్టడమూ నెమ్మదే, ఐసు పలుకులు పెరిగి పెరిగి పెద్దవైపోయాయి. పొద్దున్న తీస్తే చెంచా దిగలేదు. ఫోర్కుతో గీకి, గ్లాసుల్లో వేసి, బాగానే ఉందని ఒకరికొకరు చెప్పుకున్నాం. అదే రోజు ఏదో పనిమీద రిక్షా అతను వస్తే అమ్మ అతనికీ ఒక గ్లాసు ఇచ్చింది. కాసేపు నోట్లో తిప్పాడు.

“బాగుందండమ్మగారూ,” అన్నాడు. “ఐసుకి మావిడిపండు వాసనొచ్చిందండి.”

మావయ్య ఫక్కున నవ్వాడు. అమ్మకి కోపం వచ్చింది గానీ, లోపలికెళ్లి చిల్లర డబ్బా తెచ్చి, “ఆదివారం సగం దిమ్మ పట్రా. ఉప్పు మా ఇంట్లో ఉంది” అంది.

“ఎంతుందండి?” అని అడిగాడతను.