ఎంతసేపైంది?

పాలు కాచడం మనందరికీ తెలిసిన పనే కదండీ. డెయిరీలో బ్యాచ్ పద్ధతిలో పాశ్చరైజ్ చేసేటప్పుడు మాత్రం పాలు 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు నిలవాలి. మధ్యలో వేడి తగ్గిందా, లెక్క మళ్లీ మొదటినుంచే. దీనికి పీఎల్‌సీలో, అంటే మిషన్లను నడిపించే కంట్రోలర్‌లో, ఉండే మామూలు ఆన్‌డిలే టైమర్ చక్కగా సరిపోతుంది. వేడి ఉన్నంతసేపూ లెక్కపెడుతుంది, తగ్గగానే సున్నాకి పోతుంది.

అదే టైమర్‌ని మోటారు ఎన్ని గంటలు తిరిగిందో చూడ్డానికి పెట్టారనుకోండి. మోటారు ఆగిన ప్రతిసారీ అంతదాకా తిరిగిన లెక్కంతా పోతుంది! అక్కడ కావలసింది ఆగినా లెక్కను దాచుకునే రిటెంటివ్ టైమర్. అందుకే ప్రోగ్రామ్ రాయబోయే ముందు ఆపరేటర్ దగ్గర కూర్చుని అడగాలంటాను: ‘ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి?’ ఇది అడగకుండా రాసిన ప్రోగ్రామ్ ఎంత పొందిగ్గా ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

కొందరు టైమర్ జోలికి పోకుండా స్కాన్లు లెక్కపెడతారు. పీఎల్‌సీ ఇన్‌పుట్లు చదివి, ప్రోగ్రామ్ మొత్తం ఒకసారి నడిపి, ఔట్‌పుట్లు రాసి మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక్క చుట్టే స్కాన్. చుట్టుకి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుని కలుపుకుంటూ పోతారు. నిజానికి 10.4 పట్టిందనుకోండి, గంటలో 138 సెకన్లు లెక్కలోకి రాకుండా పోతాయి. పైగా ఏ రెండు చుట్లూ ఒకేలా ఉండవు. ఇంకొందరు సెకన్లను 32 బిట్ల దశాంశ సంఖ్యలో ఉంచి 0.01 చొప్పున కలుపుతారు. సంఖ్య పెరిగేకొద్దీ అందులో చిన్న భాగాలకు చోటు తగ్గిపోతుంది. 2,62,144 సెకన్లకు చేరాక 0.01 ఎన్నిసార్లు కలిపినా అంకె కదలదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, తెరమీద మాత్రం 72.8 గంటలే!

కూడికలు మానేసి తీసివేతకు రండి. మొదలైన క్షణాన్ని గుర్తుపెట్టుకుని, ఇప్పటి క్షణంలోంచి తీసేయండి. పొరపాటు ఉంటే ఆ రెండు కొసల దగ్గరే, ఒకటి రెండు స్కాన్లంత. రోజులు గడిచినా పెరగదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీ లోపలి మిల్లీసెకన్ల లెక్క 214,74,83,647 దాకా పోయి, అంటే 24 రోజుల 20 గంటల చిల్లరకి, మళ్లీ సున్నాతో మొదలవుతుంది. ఆ మలుపు మీదుగా తీసివేస్తే జవాబు మైనస్‌లో వస్తుంది. అప్పుడు 214,74,83,648 కలపాలి. రాసేది ఒక్క లైనే. అది లేకపోతే రెండ్రోజుల ట్రయల్లో ఏమీ తెలియదు, కమిషనింగ్‌కి వచ్చినవాళ్లు ఊరెళ్లిపోయాక మిషన్ మొరాయిస్తుంది. ఇలాంటి మెలిక వల్లే 2015లో అమెరికా విమానయాన శాఖ బోయింగ్ 787 మీద ఒక ఆదేశం ఇచ్చింది. ఆపకుండా 248 రోజులు పవర్‌లో ఉంచితే జనరేటర్ కంట్రోల్ యూనిట్లలో ఒక కౌంటర్ నిండిపోయి, విమానంలో ఏసీ కరెంటంతా పోయే ప్రమాదం ఉందని. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడితే 31 బిట్లు నిండడానికి పట్టేదీ 248 రోజుల పైచిలుకే.

ఇక తేదీ, టైము చూపించే గడియారాన్ని తీసివేతకు వాడొద్దు. మన దేశంలో ఏడాది పొడుగునా ఒకే టైము కాబట్టి ఇక్కడి టెస్టింగులో తేడా బయటపడదు. మిషన్ జర్మనీకి వెళ్లిందనుకోండి. అక్కడ అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు గడియారం గంట వెనక్కి జరుగుతుంది. 2.50కి మొదలై 20 నిమిషాలు నడిచిన బ్యాచ్, 2.10కి ముగిసినట్టు నమోదవుతుంది.