పెట్టెలో పెట్టని పొట్లం

2023 నవంబరు నెలాఖరులో మా అబ్బాయి కుటుంబంతో కలిసి మా శ్రీమతి, నేను అండమాన్ దీవులకు వెళ్ళి ఇరవై నాలుగు రోజులు గడిపాము. మనుమరాలికి ఆరేళ్ళు, మనుమడికి రెండున్నర. మా వాడు బెంగుళూరులో ఉద్యోగి. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైన తరువాత ఆ దీవులలో ఇంటర్నెట్ మెరుగుపడిందట. "అక్కడ నుంచే పని చేసుకుంటాను నాన్నా, పిల్లలు నెల రోజులు సముద్రం చూస్తారు" అన్నాడు. నేను సరే అన్నాను.

ప్రయాణానికి కావలసిన మందులు సర్దే బాధ్యత సహజంగానే నా మీద పడింది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన వాడిని కదా! పిల్లల టీకాల కార్డులు తెప్పించి చూశాను. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు వేయించారని నిర్ధారించుకున్నాను. దోమతెరలు, ఒంటికి పూసే దోమల మందు, ఎండకు పూత, టోపీలు, జ్వరానికి పారాసెటమాల్ ద్రావకం, నా రక్తపోటు మాత్రలు, శ్రీమతి మధుమేహం మాత్రలు, అన్నీ సంచిలో చేరాయి. ఆ సంచిని చూసుకుని కొంత గర్వపడ్డాను కూడా.

మొదటి నాలుగు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాము. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. అక్కడి బజారులో తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరాల క్రితమే వలస వెళ్ళి స్థిరపడిన మన వాళ్ళు అక్కడ చాలా మంది ఉన్నారు. తరువాత ఓడ ఎక్కి స్వరాజ్ ద్వీపం చేరుకున్నాము. హేవ్‌లాక్ అనే పాత పేరే ఇప్పటికీ ఎక్కువ మందికి తెలుసు.

ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల డిసెంబరులో తెల్లవారుజామున ఐదున్నరకే సూర్యోదయం, సాయంత్రం ఐదింటికే అస్తమయం. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, పదకొండు దాటిన కాసేపటికే. ఇది ఆరోగ్యరీత్యా గమనించవలసిన విషయం. పదకొండింటికి ఇంకా ఎండ ముదరలేదనుకుని పసిపిల్లలను ఇసుకలో వదిలితే, మన ఊరి మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలినట్లే. మేము పిల్లలను ఉదయం తొమ్మిది లోపు, మళ్ళీ రెండున్నర తరువాత మాత్రమే సముద్రానికి తీసుకువెళ్ళే వాళ్ళము. నీళ్ళలో ఉన్నంత సేపూ ఒక పెద్దవారు చేయి చాపితే అందేటంత దూరంలో నిలబడాలని నియమం పెట్టాను. మొసళ్ళ హెచ్చరిక పలకలు ఉన్నచోట నీళ్ళ దరిదాపులకు పోనివ్వలేదు.

మొదటి వారం ఈ నియమాలన్నీ చక్కగా సాగాయి. సీలు వేసిన సీసా నీళ్ళే తాగించాము. తినే ముందు సబ్బుతో చేతులు కడిగించాము. కోసి అమ్మే పండ్ల జోలికి పోలేదు. రెండవ వారానికి ఆ ఊరు మాకు అలవాటైపోయింది. దుకాణాల వాళ్ళు పిల్లలను పేరు పెట్టి పిలవసాగారు. ఒకచోట బొప్పాయి ముక్కలు, ఇంకొకచోట ఐసు వేసిన నిమ్మరసం. మూడు రోజుల యాత్రలో మనం అతిథులం, అన్నిటినీ అనుమానంగా చూస్తాము. నెల రోజుల విడిదిలో ఆ ఊరి వాళ్ళమైపోతాము, కానీ మన పిల్లల పేగులు మాత్రం ఇంకా కొత్తవే. దీర్ఘకాలపు విహారంలో మనుషులతో పాటు జాగ్రత్త కూడా సెలవు తీసుకుంటుంది. ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

పన్నెండవ రోజు మధ్యాహ్నం నుంచి ఈదురుగాలి, వాన మొదలయ్యాయి. మరునాటి ఓడలు రద్దు చేశారని జెట్టీ దగ్గర నుంచి కబురు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మనుమడు వాంతి చేసుకున్నాడు. పది దాటాక నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. అర్ధరాత్రికి ఆరు అయ్యాయి. దీపం దగ్గరకు తెచ్చి చూశాను. కళ్ళు కొంచెం లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు లేదు. పొట్ట మీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా కాస్త నెమ్మదించింది. చెంచాతో నీళ్ళు పెడితే మాత్రం ఆత్రంగా అందుకున్నాడు. నిర్జలీకరణం మొదలయింది, ఇంకా ముదరలేదు అని అర్థం.

"అమ్మా, సంచిలో నుంచి ఓఆర్ఎస్ పొట్లం తీసి ఇవ్వు" అన్నాను కోడలితో.

ఆమె సంచి అంతా మంచం మీద గుమ్మరించి వెదికింది. "లేదు మామయ్యా. మీరే సర్దారు కదా అని నేను చూడలేదు" అంది మెల్లగా.

నిజమే, సర్దినవాడిని నేనే. నా సేవాకాలంలో ఆ పొట్లం గురించి ఎన్ని గ్రామసభలలో మాట్లాడానో లెక్క లేదు. అంగన్‌వాడీ కార్యకర్తల చేత గ్లాసులలో కలిపించి చూపించాను. అటువంటి వాడిని కొన్ని రూపాయల పొట్లాన్ని మరచిపోయాను. ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుందిలే అన్న ధీమా కావచ్చు. అర్ధరాత్రి గాలివానలో దీవి మీద ఆ ధీమా ఎందుకూ పనికిరాదు.

మా వాడు రిసార్టు కౌంటరు దగ్గరకు పరుగెత్తి ఒక అట్ట డబ్బా పానీయం తెచ్చాడు. దాని మీద పెద్ద అక్షరాలలో ఓఆర్ఎస్ అని ఉంది. "దొరికింది నాన్నా!" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. అది పండ్ల రుచి కలిపిన తీపి పానీయం. లీటరు ప్రామాణిక ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. ఈ డబ్బాలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత చిక్కని తీపి పేగులోకి చేరితే, శరీరంలోని నీటిని పేగు తనవైపు లాగుతుంది. విరేచనాలు తగ్గవలసింది పోయి పెరుగుతాయి. అది పక్కన పెట్టించి వంటశాలకు నడిచాను.

అక్కడ వంటమనిషిది పలాస దగ్గర ఒక గ్రామం. నిద్ర లేపినందుకు విసుక్కోలేదు. "బాబూ, ఏం కావాలో చెప్పండి" అన్నాడు. పంచదార, ఉప్పు, టీ చెంచా, సీలు తీయని లీటరు నీళ్ళ సీసా అడిగాను. లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, తలగొట్టిన అర టీ చెంచా ఉప్పు. అంతే, హెచ్చు వద్దు, తగ్గు వద్దు. కలిపాక రుచి చూడాలి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

గదికి వచ్చి పట్టించడం మొదలుపెట్టాము. నాలుగు చెంచాలు తాగాడు, అంతా కక్కేశాడు. "పట్టించి ఏం లాభం మామయ్యా, నిలవడం లేదు" అని కోడలు కన్నీళ్ళు పెట్టుకుంది. మా శ్రీమతి "కాస్త పడుకోనివ్వండి, అలసిపోయాడు" అంది. సరిగ్గా ఈ రెండు మాటలూ నేను నా ఉద్యోగ జీవితమంతా విన్నాను.

1970 దశకం చివర శ్రీకాకుళం ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను కొత్తగా చేరిన రోజులవి. కొండ మీది గ్రామం నుంచి ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని నడిచి వచ్చింది. రెండు రోజులుగా విరేచనాలు. నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని ఇరుగుపొరుగు చెప్పారట, అందుకని చుక్క నీరు పోయలేదు. నేను సెలైను ఎక్కించడానికి రక్తనాళం వెదుకుతూ ఉండగానే బిడ్డ పోయింది. ఆ తల్లి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంటి దగ్గర ఉప్పూ బెల్లమూ కలిపిన నీళ్ళు చెంచాతో పోసి ఉంటే ఆ బిడ్డ బతికి ఉండేదేమో అన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు.

అంతకు కొన్నేళ్ళ ముందే, 1971లో, బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైను సీసాలు అయిపోతున్న వేళ డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకు ముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు ఆయన చూసిన రోగులలో నాలుగు లోపుకు పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇది పనిచేసే తీరు చాలా సులువైనది. విరేచనాలలో పేగు లోపలి పొర దెబ్బ తిన్నా, గ్లూకోజును లోపలికి తీసుకునే ద్వారం చాలావరకు తెరిచే ఉంటుంది. గ్లూకోజు ఒంటరిగా పోదు, తన వెంట సోడియమ్‌ను తీసుకుపోతుంది. ఆ రెండింటి వెంట నీరు పోతుంది. ఉత్త నీళ్ళు ఇస్తే ఆ ద్వారం పనిచేయదు. తీపి ఎక్కువైతే నీరు ఎదురు నడుస్తుంది. తగిన పాళ్ళలోనే ఉంది రహస్యమంతా.

ఈ సంగతి ఆ రాత్రి కోడలికి మరోవిధంగా చెప్పాను. "వాంతి అయితే పది నిమిషాలు ఆగుదాం. తరువాత నిమిషానికి ఒక్క చెంచా. చెంచాకు ఐదు మిల్లీలీటర్లు, అంటే గంటకు మూడు వందలు. వీడు పన్నెండు కిలోలు. నాలుగు గంటలలో తొమ్మిది వందల మిల్లీలీటర్లు లోపలికి పోతే చాలు. మధ్యలో కక్కినా సమయం మిగులుతుంది." లెక్క విన్నాక ఆమెకు ధైర్యం వచ్చింది. చెంచా నా చేతిలో నుంచి తీసుకుంది. బిడ్డ మగతగా పడిపోయినా, తాగడం మానినా, విరేచనంలో నెత్తురు కనబడినా వానలోనే ఎత్తుకుని దీవిలోని ఆరోగ్య కేంద్రానికి పోవాలని మా వాడిని సిద్ధంగా ఉండమన్నాను. విరేచనాలు కట్టే మాత్ర ఏదైనా ఇవ్వమని వాడు రెండుసార్లు అడిగాడు. చిన్నపిల్లలకు ఆ మాత్రలు ఇవ్వరాదు. పేగు కదలికలను బలవంతంగా ఆపితే అపాయం.

గంటలు గడిచాయి. నా వైద్యం గోడ గడియారాన్ని చూడటం వరకే. పని అంతా ఆ తల్లి చేసింది. మూడింటికి ఇంకొక సీసా కలిపాము. నాలుగున్నరకు వాడి నిక్కరు తడిసింది, విరేచనం కాదు, మూత్రం. నా సేవాకాలంలో ఎన్నో పరీక్షా ఫలితాలు చూశాను గాని, ఆ తడి ఇచ్చినంత ఊరట ఏదీ ఇవ్వలేదు.

తెల్లవారాక గాలి తగ్గింది. ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాము. అక్కడి యువ వైద్యుడు శ్రద్ధగా పరీక్షించి, ఓఆర్ఎస్ పొట్లాలు, పద్నాలుగు రోజులకు జింకు మాత్రలు ఇచ్చాడు. "రాత్రి ఏం పట్టించారు?" అని అడిగాడు. చెప్పాను. నేను డాక్టరునని మాత్రం చెప్పలేదు, సిగ్గేసింది. మధ్యాహ్నానికి మనుమడు పలచటి గంజి, అరటిపండు తిన్నాడు. కొబ్బరినీళ్ళూ తాగించాము. కొబ్బరినీటిలో పొటాసియమ్ పుష్కలం, సోడియమ్ మాత్రం తక్కువ. అందువల్ల అది ఓఆర్ఎస్‌కు తోడు కాగలదు గాని బదులు కాలేదు.

ఇంటికి తిరిగిపోదామన్నాడు మా వాడు. ఉందామంది కోడలు. మిగిలిన రోజులూ ఉన్నాము, మొదటి వారపు నియమాలతో.

ఆ అట్ట డబ్బాల కథకు ఇంకొక ముగింపు ఉంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ అటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండరాదని ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. అయినా కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉన్నదో లేదో చదవండి. ఎంత నీటిలో కలపాలో కూడా దాని మీదే ఉంటుంది. ఒక పొట్లాన్ని సగం సగం వాడకండి. కలిపినది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి.

పసిపిల్లలతో దీవులకు వెళ్ళవద్దని నేను అనను. మా మనుమరాలు ఇప్పటికీ ఆ ఇసుకలోని ఎండ్రకాయల గురించి చెబుతూనే ఉంటుంది. అయితే ఓడ ఆగిన రోజున మీ సంచిలో ఉన్నదే మీ ఆసుపత్రి. పది ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు, ఒక లీటరు కొలత సీసా, ఒక టీ చెంచా అందులో పెట్టండి. సర్దినవారు ఎంతటి వైద్యులైనా సరే, ఇంకొకరి చేత ఆ సంచి మళ్ళీ చూపించండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని కోడలు చేస్తుంది. కిందటి నెల నేను విజయనగరం పెళ్ళికి బయలుదేరుతుంటే నా సంచి తెరిచి చూసి, రెండు పొట్లాలు వేసి మూసింది. ఏమీ అనలేదు.