మిచౌంగ్ కోసం ఎదురుచూసిన రోజు

మొయినాబాద్ హాస్టల్‌లో కూర్చుని తుఫాను కోసం ఎదురుచూడటం అంటే ఫోన్ చూస్తూ ఉండటమే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటుతుందని, గాలి గంటకు 110 కిలోమీటర్ల దాకా వీస్తుందని చెప్పారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు అక్కడే.

"కరెంట్ పోయిందిరా, ఛార్జింగ్ అయిపోద్ది, పెట్టేస్తున్నా" అన్నాడు మామయ్య. కోసిన వరి ఇంకా పనల మీదే ఉందట. అమ్మమ్మది 1977 దివిసీమ ఉప్పెన నాటి భయం. అప్పుడు వేలమంది పోయారు. ఇప్పుడు శాటిలైట్లు, మోడల్స్ రోజుల ముందే చెప్తున్నాయి, ఊళ్లు ఖాళీ చేయించే టైమ్ దొరుకుతోంది.

మధ్యాహ్నం తీరం దాటింది. ఇంట్లో అందరూ క్షేమం. పనలు మాత్రం నీళ్లలో మునిగాయి.

హెచ్చరిక అందిన రెండు రోజుల్లో రైతుకి కూలీలు, ట్రాక్టర్, టార్పాలిన్ దొరికేదెలా? ఫ్రెండ్స్, మన మినీ ప్రాజెక్ట్‌కి ఇంతకంటే మంచి ప్రాబ్లమ్ నాకు కనిపించట్లేదు.