నేల మీది నుంచి లేవమన్నప్పుడు

"ఒంట్లో సత్తువ లేదు డాక్టరుగారూ" అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కండరాల జబ్బు ఉండదు. రక్తం తక్కువై కొందరు, షుగరు అదుపు తప్పి కొందరు, నిద్ర కరవై, దిగులు పడి కొందరు నీరసించి ఉంటారు. నిజంగా కండ బలం తగ్గినవాళ్లు ఫలానా పని చేయలేకపోతున్నామని చెబుతారు. గొంతుక్కూర్చుంటే లేవలేకపోతున్నానంటారు. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలంటారు. జడ వేసుకుంటుంటే మధ్యలోనే చేతులు వాలిపోతున్నాయంటారు. తొంటి, తొడ, భుజం దగ్గరి పెద్ద కండలు ముందుగా దెబ్బతినడం చాలా కండరాల జబ్బుల్లో కనిపిస్తుంది. వేళ్లు, పాదాలు ముందు పట్టు తప్పితే సాధారణంగా నరాల వైపు చూస్తాం. అందుకే పరీక్షలు రాసే ముందు రోగిని నేల మీద కూర్చుని లేవమంటాను. ఆ ఒక్క నిమిషం వెచ్చించకుండా రాసిన టెస్టులు మనుషుల్ని ఏళ్ల తరబడి తప్పుదారిలో తిప్పడం చూశాను.

కొన్ని బలహీనతలు పూటలో కుదిరిపోతాయి. పెళ్లిలో రాత్రి బిర్యానీ, మిఠాయిలు దండిగా తిని పడుకున్న ఒక యువకుడు తెల్లారేసరికి కాళ్లు కదపలేకపోయాడు. స్పృహ ఉంది, మాట స్పష్టంగా ఉంది, గిల్లితే తెలుస్తోంది. గాలి సోకిందని తాయెత్తు కట్టి, తర్వాత ఊళ్లోనే గ్లూకోజ్ సీసా ఎక్కించి తీసుకొచ్చారు. రక్తంలో పొటాషియం 3.5కి తగ్గకూడదు. అతనికి 1.9 ఉంది. పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నప్పుడు ఊరే ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెడుతుంది. ఇలా ఉన్నట్టుండి కాళ్లు పడిపోయే జబ్బు ఉన్నవారిలో ఆ నెట్టడం హద్దు దాటి, కండ మూగబోతుంది. అలాంటివారికి గ్లూకోజ్ ఎక్కించడమంటే ఉన్న కాస్త పొటాషియాన్నీ లాగేయడమే. గుండె మీద కన్నేసి ఉంచి, పొటాషియం సిరప్ నీళ్లలో కలిపి తాగించాం. సాయంత్రానికి లేచి నడిచాడు. చాచిన వేళ్లు సన్నగా వణకడం, నాడి వేగం చూసి థైరాయిడ్ పరీక్ష చేయిస్తే హార్మోను బాగా ఎక్కువగా ఉంది. దానికి మందు పడ్డాక మళ్లీ అలా జరగలేదు. కొందరిలో ఇదే పరిస్థితికి మూత్రపిండాల్లోని లోపం కారణమవుతుంది. అందుకే పొటాషియం ఇచ్చి పంపేస్తే సరిపోదు, ఎందుకు పడిపోయిందో తేల్చాలి.

"కూసుంటే లేవస్తలేదు సారూ" అంటూ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది ఒకామె. బీడీలు చుట్టే మనిషి. పొద్దస్తమానం ఇంట్లో గోడకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ గడిపిన జీవితం. తింటున్నది అన్నం, ఇంత పచ్చి పులుసు. నడుము అరిగిందని చెప్పి వెన్నుపూసకు ఎంఆర్ఐ తీయించారు. నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట తెచ్చుకుంది. నడిచినప్పుడు ఒళ్లు ఇటూ అటూ ఊగుతోంది. మోకాలి కింద ఎముకను వేలితో నొక్కగానే మొహం చిట్లించింది. కాల్షియం తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ, విటమిన్ డి దాదాపు లేదు. ఎముక మెత్తబడే ఆస్టియోమలేషియాలో తొడ కండలు కూడా చచ్చుబడతాయి. వారానికోసారి విటమిన్ డి సాచెట్, కాల్షియం, పాలు, ఎండలో కాసేపు ఉండటం: ఇంతే వైద్యం. కొన్ని నెలలకు గోడ పట్టుకోకుండా లేచింది. ఎండ ఇంత విరివిగా కాసే నేల మీద ఆడవాళ్లు ఎండ సోకక మంచాన పడుతున్నారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

థైరాయిడ్ మందగించినా, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు పడకపోయినా కండలు నొప్పిపెట్టి బలహీనపడతాయి. స్టాటిన్ మాత్రం ఎవరంతట వారు మానకూడదు, గుండెజబ్బు ఉన్నవారికి అది ప్రాణరక్ష. కీళ్లనొప్పులకు పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరు లేని మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. మొహం ఉబ్బి, తొడలు సన్నబడి వస్తారు. అదే స్టెరాయిడ్ డెర్మటోమయోసైటిస్‌లో మనిషిని నిలబెడుతుంది. అందులో శరీర రక్షణ వ్యవస్థే కండ మీదికి తిరగబడుతుంది. కనురెప్పలు వంకాయ రంగుకు తిరిగి, వేలి కణుపుల మీద ఎర్రటి దద్దుర్లు లేచిన ఒక టీచరమ్మ నెలల తరబడి మొహానికి క్రీములు రాసుకుంది. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవకపోయాక గాని కండ సంగతి ఎవరికీ తట్టలేదు. పెద్దవాళ్లలో ఈ జబ్బు వెనుక ఒక్కోసారి క్యాన్సర్ దాగి ఉంటుంది కాబట్టి అదీ వెతికాం.

ఇక జన్యువుల్లోంచి వచ్చేవి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందితేనే బయటపడే కండరాల క్షీణతలు మేనరికపు సంబంధాల్లో ఎక్కువ. అబ్బాయిలను పట్టే డుషెన్ అనే కండరాల క్షీణతకు మేనరికంతో పనిలేదు. అది తల్లి ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది, లేదా కొడుకులో కొత్తగా పుడుతుంది.

ఆరేళ్ల పిల్లవాడు. వాడికి లివర్ జబ్బని ఏడాదికి పైగా మందులు పోశారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వందల్లో ఉండటమే దానికి ఆధారం. పసరు తాగించారు, ఉప్పు నూనె మాన్పించి పథ్యం పెట్టారు. కళ్లలో పచ్చదనం లేదు, బిలిరుబిన్ మామూలే. ఆ ఎంజైములు కండలోనూ ఉంటాయన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాను. బోర్లా తిరిగాడు. అరచేతులు నేలకు ఆనించి నడుము పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది తొడ మీద వేసి, తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు చేతులు పైకి జరుపుకుంటూ నిలబడ్డాడు. 1879లో లండన్‌లో విలియం గోవర్స్ అనే వైద్యుడు వర్ణించిన తీరు ఇదే. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉన్నాయి. "మావాడు పహిల్వాను అవుతాడని అందరూ అనేవాళ్లు సార్" అంది తల్లి. ఆ లావు కండ కాదు, కండ పోయిన చోట చేరిన కొవ్వు, పీచు. కండ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైము రెండు వందలు దాటకూడదు, వాడికి పద్నాలుగు వేలు ఉంది. కండలో ఉండని జీజీటీ అనే ఎంజైము మామూలుగా ఉంది. ఈ రెండు చవక పరీక్షలు మొదటి నెలలోనే చేసి ఉంటే వాడికి లివర్ మందులు అక్కర్లేకపోయేవి.

వాడిది డుషెన్. కండ కణం పైపొరను లోపలి నిర్మాణంతో కుట్టి ఉంచే దారం లాంటిది డిస్ట్రఫిన్ అనే ప్రోటీన్. అది లేకపోతే కదిలిన ప్రతిసారీ ఆ పొర చిరుగుతుంది. దీన్ని తయారుచేసే జన్యువును, ప్రోటీన్‌ను 1986, 87లలో బోస్టన్‌లో లూయీ కుంకెల్ బృందం పట్టుకుంది. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. సరైన సమయంలో మొదలుపెట్టిన ప్రెడ్నిసలోన్ నడకను మరికొన్నేళ్లు నిలుపుతుంది. రాత్రిపూట మడమలు సాగదీయడం, ఏటా గుండెకు ఎకో తీయడం, తరగతిని కింది అంతస్తులోకి మార్పించడం, సదరం సర్టిఫికెట్ తీసుకోవడం వాళ్ల నాన్నకు ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన అర ఎకరం అమ్మి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయించాలనుకుంటున్నాడు. ఈ జబ్బుకు వాటిని వైద్యంగా అమ్మడం ఐసీఎంఆర్ నిబంధనలకు విరుద్ధం. బిడ్డ కోసం ఏమైనా చేసే తల్లిదండ్రుల దగ్గర ఆశను అమ్ముకోవడం ఘోరం. పొలం ఉంచుకొమ్మన్నాను, ముందు ముందు చక్రాల కుర్చీకి, ఇంటి గడపకు ర్యాంపు కట్టడానికి పనికొస్తుందని.

అత్తింటివాళ్లు తల్లిని ఆడిపోసుకున్నారు. మూడో వంతు కేసుల్లో ఆ జన్యు మార్పు బిడ్డలో కొత్తగా పుడుతుందని, తల్లిలో ఉన్నా అది ఆమె చేతిలో లేనిదని వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. జన్యుపరీక్షలో ఆమె ఆ మార్పును మోస్తున్న క్యారియర్ అని తేలింది. పెళ్లయిన చెల్లెలు ఉంది, ఇంకా పిల్లల్లేరు. ఆమెకూ పరీక్ష చేయిస్తే అదే మార్పు కనబడింది. ఆమె కడుపున పుట్టే ప్రతి మగబిడ్డకూ సగం ముప్పు ఉంది. గర్భం నిలిచాక మూడో నెలలోనే మావి నుంచి చిన్న నమూనా తీసి చూసే వీలుంది. నెల తప్పిన వెంటనే ఫోన్ చేయమని భార్యాభర్తలిద్దరికీ చెప్పి, ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచుకోమన్నాను.