పొట్టికాళ్ల చుట్టాలు

ఆ రోజు శనివారం. పొద్దున్నే ఐదున్నరకి పాలప్యాకెట్ల కోసం గేటు తీశాను. గేటు ఊచకి ఓ కుక్క కట్టేసి ఉంది. పొడవాటి ఒళ్లు, జానెడు కాళ్లు, వేలాడే చెవులు... డాషండ్. నన్ను చూడగానే లేచి రాబోయింది. ముందుకాళ్లు వచ్చాయి. వెనకకాళ్లు మాత్రం తడిగుడ్డల్లా నేలమీద ఈడ్చుకుంటూ ఉండిపోయాయి. పక్కనే ఓ గుడ్డసంచి. అందులో స్టీలు పళ్లెం, సగం వాడిన మాత్రల అట్ట, ఉతికి మడతపెట్టిన పాత లుంగీ. ఎవరు, ఏమిటి అన్న చీటీ ముక్క కూడా లేదు.

'నడిచినన్నాళ్లూ ఆడుకున్నారు. పడిపోగానే తెచ్చి నా గుమ్మంలో పారేశారు' అని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ తిట్లు ఎంత తొందరపాటువో తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మాది సికింద్రాబాద్ పక్కన అల్వాల్. పాతకాలం డాబా, చుట్టూ కాస్త ఖాళీ జాగా. అనాథలైన డాషండ్లు వస్తే కొన్నాళ్లు ఉంచుకుని, వైద్యం చేయించి, మంచి ఇల్లు చూసి పంపుతుంటాం. మేం అంటే పదకొండు మందిమి. మాకు ఆఫీసు లేదు, జీతాలు లేవు. ఓ వాట్సాప్ గ్రూపు, పశువుల డాక్టరుగారి ఫోన్ నంబరు, మా వంటింటి పక్కన ఓ గది... అంతే మా ఆస్తి!

'వీధికుక్కలు ఇన్ని ఉండగా ఈ జాతికుక్కల మీద ఎందుకంత ప్రేమ?' అని చాలామంది అడుగుతారు. దానికి చెర్రీ కథ చెప్పాలి.

చెర్రీ మా అబ్బాయి పోరు పడలేక తెచ్చుకున్న డాషండ్. జర్మన్ భాషలో డాక్స్ అంటే బ్యాడ్జర్ అనే జంతువు, హుండ్ అంటే కుక్క. బొరియల్లోకి దూరి బ్యాడ్జర్లని వేటాడటానికి ఆ దేశంలో పెంచిన జాతి ఇది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మస్కట్ 'వాల్డీ' కూడా డాషండే. మా వీధి పిల్లలకి ఇవేం తెలుసు? చెర్రీని చూస్తే 'రైలుబండి వచ్చింది' అని వెంటపడేవాళ్లు.

బొరియలో దూరడానికి పనికొచ్చిన ఆ ఆకారమే ఈ కుక్కకి శాపం. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండాల్సిన డిస్కులు ఈ జాతిలో చిన్నవయసులోనే గట్టిపడిపోతాయి. ఏదో ఒకరోజు సోఫా మీంచి దూకగానే డిస్కు జారి వెన్నుపాముని నొక్కేస్తుంది. దాంతో వెనకకాళ్లు పడిపోతాయి. నాలుగైదు డాషండ్లలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదు. అదీ ఎక్కువగా మూడేళ్లకీ ఏడేళ్లకీ మధ్య, మంచి వయసులో.

మాకు అప్పుడు ఇవేవీ తెలియవు. 2016లో ఓ రాత్రి చెర్రీ మంచం మీంచి దూకి కుయ్యిమంది. బెణికిందిలే అనుకుని పసుపు పట్టు వేశాం. రెండురోజులు చూశాం. మూడోరోజు డాక్టరుగారు కాలివేళ్లని గట్టిగా నొక్కి చూశారు. చెర్రీ తల కూడా తిప్పలేదు. 'మొదటిరోజే వచ్చి ఉంటే బాగుండేదమ్మా' అన్నారాయన. ఆపరేషన్ చేసినా లేస్తుందన్న నమ్మకం లేదన్నారు. ఆ సాయంత్రమే ఇంజక్షన్ ఇప్పించేశాం. ఇంటికొచ్చాక మావారు, నేను రెండురోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

నెల తర్వాత ఆ డాక్టరుగారే ఫోన్ చేశారు. 'ఎవరో డాషండ్‌ని చూపించడానికి తెచ్చి, తిరిగి తీసుకెళ్లడానికి రాలేదు. నాలుగురోజులు ఉంచుకుంటారా?' అని. నాలుగురోజులు కాస్తా ఇన్నేళ్లయింది!

మా దగ్గరికొచ్చేవి మూడురకాలు. కాన్పుల మీద కాన్పులు చేయించి, ఇక పనికిరాదనుకున్నాక పిల్లల వ్యాపారులు వదిలేసిన తల్లికుక్కలు మొదటివి. ఒక కుక్కకి ఏడాదిలో ఒక్క ఈతే, జీవితం మొత్తంలో ఐదుకి మించి చేయించకూడదని 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కానీ రొమ్ములు నేలకి రాసుకుంటూ వచ్చే ఆ తల్లుల్ని చూస్తే, ఆ కాగితం వాటిదాకా రాలేదని తెలుస్తుంది. రెండోరకం, ఫ్లాట్లు మారేవాళ్లూ విదేశాలకి వెళ్లేవాళ్లూ వదిలేసినవి. మూడోరకం నడుము పడిపోయినవి.

వచ్చిన ప్రతిదానికీ ముందు రక్తపరీక్ష చేయిస్తాం. మన ఊళ్లలో పిడుదుల జ్వరం ఎక్కువ మరి. తర్వాత టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. లావుగా ఉంటే ఒళ్లు తగ్గించడం. మా అత్తయ్య మొదట్లో వీటిని గడప తొక్కనిచ్చేది కాదు. ఇప్పుడు పెరుగన్నం తనే కలుపుతుంది. 'నేనేం ముట్టుకోలేదు, గరిటెతో వేశాను' అంటుంది. ఆవిడ మంచం కింద చెప్పుల పక్కన ఎప్పుడూ ఓ డాషండ్ పడుకునే ఉంటుంది.

తెచ్చుకోవడం సులువే. ఇవ్వడమే కష్టం. 'మగదైతే చెప్పండి, మా ఆడకుక్కకి జోడీ కావాలి' అని ఒకరు. 'ఫ్రీయేగా? అయితే రెండివ్వండి' అని ఇంకొకరు. అందుకే మేం ముందు ఇల్లు చూస్తాం. మెట్లు ఎన్ని, సోఫా ఎంత ఎత్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు... పెళ్లిసంబంధం చూసినట్టే! నచ్చకపోతే రోడ్డుమీద వదలకుండా మాకే తిరిగి ఇస్తామని సంతకం పెట్టించుకుంటాం. ఇంకో నియమం కూడా ఉండేది. ఒకసారి వదిలేసినవాళ్లకి మళ్లీ ఇవ్వకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

సరే, గేటు దగ్గర దొరికిన కుక్క సంగతి. దానికి మునక్కాయ అని పేరుపెట్టాం. డాక్టరుగారు వేళ్లు నొక్కగానే తల తిప్పి చూసి గుర్రుమంది. 'నొప్పి తెలుస్తోంది కాబట్టి ఆశ ఉంది. ఆరువారాలు కదలకూడదు' అన్నారు. మావారు పాత చెక్కలతో చిన్న బోను చేశారు. కడుపు నొక్కి రోజుకి నాలుగుసార్లు మూత్రం చేయించేదాన్ని. ఒరుసుకుపోకుండా పక్కలు మార్చేవాళ్లం. సంచిలో వచ్చిన లుంగీ పరిస్తేనే పడుకునేది. ఉతకడానికి తీస్తే రాత్రంతా ఏడుపే. నాలుగోవారంలో అత్తయ్య వంటింట్లోంచి కేక పెట్టింది... 'దీని తోక ఆడుతోందే!' ఆరువారాలయ్యేసరికి తాగినవాడిలా ఊగుతూ పది అడుగులు వేసింది.

మూడోనెలలో ఓ సాయంత్రం ఓ పెద్దాయన వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. గేటు లోపలికి రాకుండానే 'అమ్మా, ఇక్కడ ఓ కుక్క...' అన్నారు. ఆ గొంతు విని మునక్కాయ వరండాలోంచి పరుగెత్తింది. రెండుసార్లు పడింది, మళ్లీ లేచింది. 'బుజ్జీ, నడుస్తున్నావే తల్లీ!' అంటూ ఆయన అక్కడే కూలబడిపోయారు.

ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టరు. భార్య పోయి రెండేళ్లయిందట. బుజ్జి ఆవిడ పెంచిన కుక్క. ఎక్కడో చూపిస్తే ఆపరేషన్‌కి ఎంతవుతుందో చెప్పారట. ఆ అంకె ఆయన జన్మలో ఒక్కసారిగా చూసినది కాదు. ఎవరో మా ఇంటి సంగతి చెబితే ఆటోలో తీసుకొచ్చారు. 'బెల్లు కొడితే డబ్బు కట్టమంటారేమోనని భయపడ్డానమ్మా. ఎదురుగా వేపచెట్టు కింద కూర్చున్నా. మీరు దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాకే వెళ్లాను' అన్నారు. బుజ్జిని తీసుకెళ్లనిస్తారా అని అడిగారు.

నేను ఇవ్వనన్నాను. 'మా నియమం ఒప్పుకోదండీ' అన్నాను. ఆయన వాదించలేదు. 'నిజమేనమ్మా' అని బుజ్జి తల నిమిరి వెళ్లిపోయారు. రెండురోజులు అది గేటు దగ్గర్నుంచి కదల్లేదు. పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి మా గ్రూపులో ఒకమ్మాయి అడిగింది. 'ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంటికి వెళ్లి చూస్తాం కదా ఆంటీ, ఆయన ఇంటికి ఎందుకు వెళ్లకూడదు?' నా దగ్గర జవాబు లేదు. మర్నాడు చెప్పకుండా వెళ్లాం.

మౌలాలీలో రెండుగదుల రేకుల ఇల్లు. శుభ్రంగా ఉంది. గోడకి భార్య ఫొటో, దాని కింద చాప, దాని మీద మడిచిన దుప్పటి. 'మీకు మంచం లేదాండీ?' అన్నాను. 'ఉండేదమ్మా. బుజ్జి దూకింది దానిమీంచే. చూడబుద్ధి కాక పక్కింటివాళ్లకి ఇచ్చేశాను' అన్నారు. మేం వెళ్లేటప్పుడు ఆయన లేవబోయారు. మోకాళ్లు సహకరించలేదు. కిటికీ ఊచ పట్టుకుని, ఒక్కో మోకాలూ సర్దుకుంటూ లేచారు. రోజూ పొద్దున్నే అలాగే లేస్తున్నారన్నమాట. కుక్క తిరిగొస్తుందన్న ఆశ లేకుండానే!

దారిపొడవునా నాకు చెర్రీయే గుర్తొచ్చింది. రెండురోజులు పసుపు రాస్తూ కూర్చున్నది మేం. అదేరోజు డాక్టరుకి చూపించింది ఆయన. చెర్రీ దూకిన మంచం మా ఇంట్లో ఇంకా ఉంది. దానిమీదే పడుకుంటున్నాం. ఆయన్ని తూచడానికి నాకేం అర్హత ఉంది?

ఆదివారం బుజ్జిని మేమే తీసుకెళ్లి ఇచ్చాం. ఫారంలో ప్రతి గీతా చదివి, టికెట్టు కొట్టినంత జాగ్రత్తగా సంతకం పెట్టారాయన. నెలకోసారి డాక్టరు ఖర్చు గ్రూపు చూసుకుంటుందని చెబితే, సగం తనే పెట్టుకుంటానని పట్టుబట్టారు. ఆ రోజే నా నియమాన్ని కొట్టేశాను. గేటుకి ఓ బోర్డు పెట్టాను: 'కుక్కని కట్టేసి వెళ్లకండి. బెల్లు కొట్టండి. డబ్బు అడగం, తిట్టం.'

ఇప్పుడు బెల్లు కొడుతున్నారు. కొందరికి కావలసింది బోను. కొందరికి మూత్రం ఎలా చేయించాలో చూపించే మనిషి. ఇంకొందరికి 'ఆరువారాలు ఓపిక పట్టండి' అని చెప్పేవాళ్లు. బోను అరువిస్తాం, ఇంటికెళ్లి నేర్పుతాం. అలా వచ్చినవాళ్లలో చాలామంది కుక్కని వదలకుండా తీసుకెళ్లిపోతారు. మా గదికి రాని ఆ కుక్కల్నే ఇప్పుడు నేను ఎక్కువగా లెక్కపెట్టుకుంటున్నాను.

మీ ఇంట్లో డాషండ్ ఉంటే ఒక్కమాట. లావెక్కనివ్వకండి. మంచాలూ మెట్లూ దూకనివ్వకండి. ఎత్తుకునేటప్పుడు ఒకచెయ్యి ఛాతీకింద, ఇంకోచెయ్యి నడుముకింద పెట్టండి. మెడపట్టీ బదులు ఛాతీపట్టీ వాడండి. నడక తడబడితే పసుపు పట్టు వేసి కూర్చోకండి. ఆ గంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మొన్న ఓసారి మౌలాలీ వెళ్లాను. చాపమీద పెద్దాయన, ఆయన పక్కన లుంగీమీద బుజ్జి. నన్ను చూసి తోక ఊపింది కానీ, ఆయన్ని వదిలి మాత్రం రాలేదు.