ఎఫ్6 నొక్కితే ధర్మతలా

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాటి సాయంత్రానికి హౌరాలో దింపుతుంది. దారిలో నేను కిటికీ వైపు చూసింది తక్కువ. ఒళ్లో లాప్‌టాప్, అందులో ఈమాక్స్ ఎడిటర్, తెరమీద చిక్కుముళ్లు విడని నా అనువాదం. 1930ల కలకత్తాలో నడిచే బెంగాలీ నవల అది. వీధి పేరో, స్నానఘట్టం పేరో, మిఠాయి పేరో అనుమానం తగిలిన ప్రతిచోటా ఒక బుక్‌మార్క్ పెట్టుకున్నాను, ఊరికి వెళ్లి కళ్లతో చూసి తేల్చుకుందామని.

ఈమాక్స్‌లో బుక్‌మార్క్ పెట్టాలంటే కంట్రోల్ ఎక్స్, ఆపైన ఆర్, ఆపైన ఎమ్. అక్కడికి తిరిగి వెళ్లాలంటే చివర ఎమ్‌కు బదులు బి. ఊగే బోగీలో ఇన్ని మీటలు ఎవరు తడుముకుంటారు? ఈ ఎడిటర్‌లో ఒక మంచి కట్టుబాటు ఉంది. కంట్రోల్ సి తర్వాత వచ్చే ఒంటి అక్షరాలు, ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా మీటలు వాడేవాళ్ల సొంతం. వాటిని ఇంకెవరూ ముట్టుకోరాదు. గుర్తు పెట్టడానికి ఎఫ్5, దూకడానికి ఎఫ్6, జాబితా చూడటానికి ఎఫ్7 అని సెట్టింగుల ఫైల్లో రాసుకున్నాను. చిలకా సరస్సు దాటేసరికి వేళ్లకు పట్టుబడింది.

అసలు తలనొప్పి తెలుగు టైపింగ్‌తో. లినక్స్‌లో కీబోర్డును తెలుగుకు మారిస్తే కంట్రోల్‌తో కలిపి కొట్టే అక్షరమూ తెలుగైపోతుంది, షార్ట్‌కట్ మొరాయిస్తుంది. ఈమాక్స్ లోపలే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఎంచుకుంటే ఆ గొడవ లేదు. అక్షరాలు తెలుగులో పడతాయి, ఆజ్ఞలు ఎప్పటిలాగే పనిచేస్తాయి. దాని పక్కనే బెంగాలీ ఇన్‌స్క్రిప్ట్ కూడా ఉంది. భారతీయ లిపుల కోసం వచ్చిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో చేరిన ఈ ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఆ లిపులన్నిటికీ మీటలు ఒకటే. కె మీద మనకు ‘క’ ఉంటే వాళ్లకూ ‘క’నే. ఎఫ్8కి తెలుగు, ఎఫ్9కి బెంగాలీ కట్టుకున్నాను. బెంగాలీ టైపింగ్ విడిగా నేర్చుకోకుండానే మూలంలోని మాటలు అనువాదం పక్కన కొట్టుకోగలిగాను. ఫొనెటిక్ టైపింగ్‌కు అలవాటు పడినవాళ్లు ఇన్‌స్క్రిప్ట్‌ను ఎందుకంత చిన్నచూపు చూస్తారో నాకు అర్థం కాదు.

నవలలో హారిసన్ రోడ్డు. బయట బోర్డు మీద మహాత్మా గాంధీ రోడ్డు. కార్న్‌వాలిస్ స్ట్రీట్ బిధాన్ సరణి అయింది, డల్హౌసీ స్క్వేర్ బి.బి.డి. బాగ్ అయింది. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల కొట్ల దగ్గర ఒక పెద్దాయనను “లెనిన్ సరణికి ఎటు వెళ్లాలి దాదా?” అని అడిగాను. “ధర్మతలాయేనా?” అని పాత పేరుతో ఎదురడిగి, వీధి పేర్లేవీ ఎత్తకుండా కూడళ్లు, కొట్ల గుర్తులతోనే దారంతా చెప్పాడు. ఈమాక్స్ బుక్‌మార్క్‌దీ ఇదే పద్ధతి. ఎన్నో అక్షరం అన్న లెక్కతో పాటు ఆ చోటుకు ముందూ వెనకా ఉన్న కొంత పాఠాన్నీ దాచుకుంటుంది. పైన నేనొక పేరా కొట్టేసి లెక్క తప్పించినా, ఆ పాఠాన్ని వెతుక్కుని సరైన చోటికే చేరుస్తుంది. వీధి చివర నిలబడి ఎఫ్6 నొక్కి, ఆ వాక్యం తెరిచి, ఎదుటి వీధితో సరిచూసుకోవడం నాకు భలే నచ్చింది. చూసేవాళ్లు మాత్రం నన్నేదో సర్వేకి వచ్చినవాడిననుకున్నారు.

ఒకరోజు హౌరాలో లోకల్ ఎక్కి శ్రీరాంపూర్ వెళ్లాను. పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ అక్కడి క్రైస్తవ మిషన్ అచ్చుకూటం కోసం ఒక్కో లిపిలోని ఒక్కో అక్షరాన్నీ ఉక్కు మీద చెక్కిన ఊరు అది. 1812 మార్చిలో అచ్చుకూటం తగలబడింది. పోత అచ్చులు మిగలబట్టి పని మళ్లీ సాగింది. రెండేళ్లకు, 1814లో, మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అక్కడే అచ్చయింది. శ్రీరాంపూర్ కాలేజీ ఎదుట హుగ్లీ ఒడ్డున కూర్చుని ఎఫ్8, ఎఫ్9 మార్చి మార్చి నొక్కుతుంటే, ఆ మామా అల్లుళ్లు చూస్తే ఏమనేవారో అనిపించింది.

తిరుగు రైల్లో ఎఫ్7 నొక్కి జాబితా తెరిచాను. తేలిపోయిన వాటి మీద డి కొట్టి, చివర ఎక్స్ నొక్కితే అవన్నీ ఒక్కసారి చెరిగిపోయాయి. ఉత్తర కలకత్తాలోని ఒక సందు మాత్రం మిగిలింది. ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. రచయిత కల్పనే అయి ఉండొచ్చు. ఆ పేరును మూలంలో ఉన్నట్టే ఉంచేసి, బుక్‌మార్క్ తీయకుండా ఫైలు మూసేశాను.